పద్దెనిమిదో నంబరు ఇల్లు

కామారెడ్డిలో నేను ఇల్లు కట్టుకున్న కాలనీ మొన్నమొన్నటిదాకా మక్కజొన్న చేను. జిల్లా అయ్యాక ఆఫీసులొచ్చాయి, ఆఫీసుల వెనక ప్లాట్లొచ్చాయి, ప్లాట్ల వెనక నాలాంటి రిటైరైన సాంఘికశాస్త్రం పంతుళ్లొచ్చారు. నేను ఎల్లారెడ్డిలో పుట్టి పెరిగి, బతుకంతా పిల్లలకు మొహెంజొదారోలో గీత గీసినట్టున్న వీధుల గురించి ఊగిపోతూ చెప్పినవాణ్ణి. ఇక్కడ ఎవరినైనా ఇంటికి దారి అడిగితే పాత కల్లు దుకాణం పక్కన అంటారు. ఆ దుకాణం ఎప్పుడో పోయింది, దాని జాగాలో ఇప్పుడు దంతాల దవాఖాన ఉంది. నాకు ఒళ్లు మండేది. వేల ఏండ్ల కింద వాళ్లకు కుదిరింది మనకెందుకు కుదరదని కాలనీ మీటింగులో లేచి నిలబడ్డాను. నిలబడ్డవాడి నెత్తినే పని పడుతుంది కదా, అధ్యక్షుణ్ణి నేనే అయ్యాను.

ప్రతి ఇంటికీ నీలం రేకు, దాని మీద తెల్ల అంకె. ఎడమ పక్కన బేసి, కుడి పక్కన సరి. పొద్దున వాకింగ్ పేరుతో ఆ రేకులను చూసుకుంటూ మురిసిపోయేవాణ్ణి. ఎవరైనా రేకు మీద తువ్వాల ఆరేస్తే అరిచేవాణ్ణి. బండి అడ్డం పెడితే అరిచేవాణ్ణి. చెత్త బండి రాకముందే బకెట్ బయట పెడితే వాళ్ల గేటు ముందర నిలబడి మరీ అరిచేవాణ్ణి. దీంతో కాలనీ బాగుపడుతోందని నా నమ్మకం. మీ గొంతు తప్ప ఇంకేదీ బాగుపడట్లేదని నా భార్య నమ్మకం.

అసలు చిక్కు అంకెల దగ్గరే వచ్చింది. మా రోడ్డు చివరింటాయన తనకు పడ్డ ఇరవై ఆరు పట్టుకుని మా ఇంటికొచ్చాడు. రెండూ ఆరూ కలిపితే ఎనిమిది, ఎనిమిది శనిది, కలిపితే తొమ్మిది రావాలి, అందుకని పద్దెనిమిది కావాలన్నాడు. పద్దెనిమిది నాది. మొహెంజొదారోలో ఇలాంటివాడు ఒక్కడున్నా ఆ ఊరికి పునాదే పడేది కాదు. పొద్దునా సాయంత్రమూ వచ్చి కూర్చుంటుంటే విసిగిపోయి, పద్దెనిమిది బై ఒకటి అని రాసుకొమ్మన్నాను. సంతోషంగా వెళ్లాడు. ఆ ఒకటి కలిస్తే తొమ్మిది చెడిపోతుందని, దాన్ని వదిలేసి గేటు మీద ఎర్ర రంగుతో ఉత్త పద్దెనిమిది రాయించుకున్నాడు. నేను పోయి అరిచాను. ఆయన నవ్వి, చాయ్ తాగి పొమ్మన్నాడు. చాయ్ బాగుంది. తాగి వచ్చేశాను.

ఎండాకాలంలో మా అక్కకు కామారెడ్డిలోనే కంటి ఆపరేషన్ అయింది. అమ్మ పోయాక నన్ను సాకింది అక్కే. చెయ్యి పట్టుకుని ఎల్లారెడ్డి బడికి తీసుకుపోయి, బడి విడిచేదాకా గోడ పక్కన కూర్చునేది. ఆపరేషన్ అయ్యాక మళ్లీ చూపించుకోవడానికి రావాల్సిన రోజు వచ్చింది. కోడలు కొనుగోలు కేంద్రంలో వడ్ల కుప్పకు కావలి ఉంది కాబట్టి ఒక్కతే బస్సెక్కుతానని, బస్టాండుకు రమ్మని ఫోన్ చేసింది. నాకు స్కూటర్ ఉంది, కావలసినంత తీరిక ఉంది. కాని నా బుద్ధి చూడండి. ఆపరేషన్ రోజు దవాఖాన నుంచే ఊరికి మళ్లింది, నంబర్లు వేశాక మా ఇంటికి వచ్చే మొదటి చుట్టం ఆమె. ఆటో అతనికి కాలనీ పేరు, పద్దెనిమిదో నంబరు అని చెబితే చాలు, గడప ముందు దింపుతాడన్నాను. సరే తమ్మీ అంది.

వరండాలో కుర్చీ వేసుకుని దర్జాగా కూర్చున్నాను. బస్సు వేళ దాటిపోయింది, అక్క రాలేదు. ఫోన్ చేస్తే స్విచ్చాఫ్. ఎండ నడినెత్తికి వచ్చింది. ఆ కంటికి ఎండా దుమ్మూ తగలొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆపరేషనప్పుడిచ్చిన నల్లద్దాల్లోంచి ఆమెకు మనిషి ముఖమే సరిగా ఆనదు, రేకు మీది అంకె ఏం కనబడుతుంది? ఇంత చదువు చదివినవాడికి ఆ మాట అప్పుడు తట్టింది. స్కూటర్ తీసి బస్టాండుకు ఉరికాను. ఎల్లారెడ్డి బస్సు వచ్చి చాలాసేపైందట. నల్లద్దాలు పెట్టుకున్న ప్రతి ముసలామె ముఖంలోకీ వంగి చూశాను, ఒకామె తిట్టింది కూడా. అక్క కన్ను పోతే అది నేను పోగొట్టిన కన్నే.

ఆటోల దగ్గర ఆనవాళ్లు చెబితే ఒకతను గుర్తుపట్టాడు. "మీరు చెప్పిన పద్దెనిమిది కాడ్నే దించిన సార్. గేటు మీద పెద్దగ రాసి ఉండె" అన్నాడు.

అది మా రోడ్డు చివరింటాయన గేటు. ఆ ఇంటికి తాళం ఉంది, వాళ్లు పెళ్లికి పోయారు. పోయి చూస్తే గేటు ముందర నీడ లేదు, మనిషీ లేదు. అప్పుడే నా భార్య ఫోన్ చేసి, వదిన ఇంటికొచ్చింది, మీరెక్కడున్నారని అడిగింది.

అక్క ఫ్యాను కింద కూర్చుని ఉంది. కూరగాయల బండామె గడపలో నిలబడి నీళ్లు తాగుతోంది. జరిగింది అక్కే చెప్పింది. తాళమేసిన గేటు కొట్టి కొట్టి, దారిన పోయేవాళ్లను అడిగిందట. పద్దెనిమిది ఇదే కదా అన్నారట. నా పేరు చెబితే ఎవరికీ తెలియలేదు. పంతులంటే ఏ పంతులన్నారు. చివరికి ఈ బండామె, మీ తమ్ముడు ఎట్లుంటడవ్వా అని అడిగితే, చిన్నప్పటి నుంచీ ఊరికే అందరి మీద ఒర్రుతుంటడు బిడ్డా అని చెప్పిందట.

"గట్ల ముందే చెప్పరాదు అవ్వా, లొల్లి సారిల్లు గదా" అని బండామె తన కొంగు అక్క తల మీద కప్పి నడిపించుకొచ్చింది.

నేను నా భార్య వైపు చూశాను. ఆమె వంటింట్లోకి వెళ్లిపోయింది. అంటే, నాకు తప్ప కాలనీ మొత్తానికి ఆ పేరు తెలుసు.

అక్క తడుముకుని నా చెయ్యి పట్టుకుంది. "అందరిండ్లకు నంబర్లేసినవు గని తమ్మీ, నువ్వు బస్టాండుకొస్తే అయిపోతుండె గదా. మస్తు భయమైంది నాకు" అంది. నాకు ఏడుపొచ్చింది.

దేవుడి దయ, కన్ను బాగానే ఉందన్నాడు డాక్టరు. తరువాత ఆమె వచ్చినప్పుడు బస్సుకంటే ముందే పోయి బస్టాండులో నిలబడ్డాను. కంటికి దుమ్ము తగలొద్దని స్కూటర్ తేలేదు. ఆటో ఎక్కాక, ఎక్కడికని ఆటో అతను అడిగాడు. కాలనీ పేరు చెప్పి నంబరు చెప్పబోతుంటే అక్క నా మోకాలి మీద తట్టింది.

"లొల్లి సారింటికి పోనీ బిడ్డా" అంది.

అతను ఇంకో మాట అడగకుండా బండి తీశాడు. నేను అక్క చెయ్యి పట్టుకుని, నోరు మూసుకుని కూర్చున్నాను.