పాంప్లెట్ మీది నిపుణుడు

ఇంతవరకు ఎవరికీ చెప్పని సంగతి ఒకటి ఉంది. కొన్నాళ్ళ కింద సికింద్రాబాద్‌లో చాలా ఇళ్ళల్లో పొద్దున పేపరుతో పాటు ఒక పసుపుపచ్చ పాంప్లెట్ పడింది. దాని మీద హెల్మెట్ పెట్టుకుని, ముఖం మీదికి నల్ల జాలీ దించుకుని, పెట్రోలు రంపంతో దుంగ కోస్తున్న మనిషి ఫోటో ఉంటుంది. కింద పెద్ద అక్షరాలతో 'మా నిపుణుడు మీ వద్దకే వచ్చి నేర్పును' అని ఉంటుంది. ఆ నిపుణుడు నేనే. (బస్సులో 'ఆపండి' అని గట్టిగా అనలేక, తరువాతి స్టాపులో దిగి వెనక్కి నడిచొచ్చే మనిషి ఈ మాట అంటే నమ్మడం కష్టమే. అందుకే ఎవరికీ చెప్పలేదు. ఒక కారణం అది.)

ఆ రోజులు మరీ వెనకటివేమీ కావు. మెట్రో రైలు తిరుగుతూనే ఉంది, అందరి చేతుల్లో ఫోన్లు ఉండనే ఉన్నాయి. అయినా ఇప్పుడు తలుచుకుంటే ఎక్కడో దూరంగా కనిపిస్తాయి. మనుషులు ఇచ్చిన మాటను మాటగానే తీసుకునే అమ్మాయి ఒకతె అప్పుడు ఉండేది, అందుకు కావచ్చు. డిగ్రీ అయిపోయాక నాకు రాణిగంజ్‌లో ఒక మిషన్ల షాపులో బిల్లులు రాసే పని దొరికింది. నీళ్ళ మోటార్లు, గడ్డి కోసే మిషన్లు, చెట్లు కోసే చెయిన్ సాలు అమ్మే షాపు అది. యజమానిది మా వైపే అయినా, రాణిగంజ్‌లో గల్లా ముందు కూర్చున్న ప్రతివాడూ సేటే కనుక ఆయనా సేటే. ఆయన తరువాత పెత్తనం ఆయన బామ్మర్దిది. షాపు లోపల కూడా నల్ల కళ్ళద్దాలు తీయడు, మెడలో లావుపాటి గొలుసు, చేతికి కడియం. నన్ను 'బుక్ మేడం' అని పిలిచేవాడు. అందులో మర్యాద పాలు ఎంతో మీరే ఊహించుకోండి.

ఇంట్లో ఈ ఉద్యోగానికి ఒప్పుకోవడమే పెద్ద విషయం. మా నాన్న బోయిగూడలో టింబర్ డిపోలో రంపపు మిషన్ మీద పనిచేస్తాడు. ఆయన ఎడమచేతి చూపుడువేలు సగమే ఉంటుంది. ఆ మిగతా సగం గురించి ఇంట్లో ఎవరమూ మాట్లాడం. నేను పనిలో చేరే రోజు, "బిల్లులే కద రాసేది?" అని ఒక్క మాట అడిగాడు. బిల్లులే అన్నాను. ఆ రోజుకది నిజమే.

షాపులో చదవడానికి దొరికే పుస్తకం ఒక్కటే, చెయిన్ సాతో పాటు పెట్టెలో వచ్చే ఇంగ్లీషు మాన్యువల్. మధ్యాహ్నం డబ్బా తినేటప్పుడు నవల చదివినట్టు చదివేదాన్ని. అందులో కథానాయకుడి పేరు 'ఆపరేటర్'. ప్రతి పేజీలో ఆయన బొమ్మ ఉంటుంది గాని కళ్ళూ ముక్కూ ఉండవు, మీసం ఉందో లేదో తెలియదు. ఆ ముఖంలో ఎవరినైనా పెట్టుకోవచ్చు. నేను ఎవరిని పెట్టుకున్నానో చెప్పనక్కరలేదు. 'ఆపరేటర్ తన రెండు కాళ్ళ మీద స్థిరంగా నిలబడాలి' అన్న వాక్యాన్ని తెలుగులో డైరీలో రాసుకున్నాను. ఇంట్లోగాని కాలేజీలోగాని నాకు ఎవరూ అంత పనికొచ్చే సలహా ఇవ్వలేదు.

అంతలో, కొన్నవాళ్ళ దగ్గరికి వెళ్ళి మిషన్ నడిపి చూపించే మనిషి పని మానేసి వెళ్ళిపోయాడు. సేటు అందరినీ పిలిచి, "చూడుండ్రి, ఎవలు మంచిగ నేర్చుకుంటే గా పని వాళ్ళకే. నాకు నా బామ్మర్దైనా ఒకటే, ఈ అమ్మయినా ఒకటే" అన్నాడు. 'ఈ అమ్మ' అన్నప్పుడు నా వైపు చూశాడు. ఆ చూపును నేను చాలా రోజులు దాచుకున్నాను. మనుషులతో మాట్లాడలేనిదానికి ఆ పని ఎందుకంటారా? ఆ పనిలో మాటలు వెతుక్కోనక్కరలేదు. ఏది ముందు చెప్పాలో ఏది తరువాత చెప్పాలో మాన్యువల్‌లో రాసే ఉంది. నాలాంటివాళ్ళకి లోకమంతా అలా ఉంటే ఎంత బాగుండును.

అప్పటినుంచి బేరాలు లేని మధ్యాహ్నాలు వెనక గోడౌన్‌లో నేర్చుకున్నాను. పెట్రోలులో ఎంత ఆయిల్ కలపాలో, గొలుసుకు వేరే ఆయిల్ ఏ మూత తీసి పోయాలో, గొలుసు వేలాడకుండా, మరీ బిగుసుకోకుండా ఎంత లాగాలో, పళ్ళకు ఆకురాయి ఒకే వైపు ఎలా పట్టాలో, గాలి ఫిల్టరు ఎప్పుడు దులపాలో. బామ్మర్ది ఒకటి రెండుసార్లు గోడౌన్ గుమ్మంలో నిలబడి చూసి, "ఇది దిమాక్‌తోని కాదు మేడం, దమ్ముతోని నడుస్తది" అని చెప్పి వెళ్ళాడు.

దసరాకి షాపులో ఆయుధపూజ. మిషన్లన్నిటికీ పసుపు కుంకుమలు, బంతిపూల దండలు. చెయిన్ సా దగ్గరికి వచ్చేసరికి ఒక సమస్య వచ్చింది. బండికైతే చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తారు. దీనికి చక్రాలు లేవు. నిమ్మకాయ ఎక్కడ పెట్టాలి? తలా ఒకటి చెప్పారు. చివరికి బామ్మర్ది, "కోసుడే కద దాని పని, కోయనియ్యి" అని స్టూలు మీద నిమ్మకాయ పెట్టి, దండ వేసిన మిషన్‌ను అలాగే స్టార్ట్ చేసి, ఒక చేత్తో ఎత్తి, గొలుసు తిరిగే పొడుగాటి రేకు కొసను నిమ్మకాయ మీదికి దించాడు. మాన్యువల్‌లో ఎర్ర త్రికోణం వేసి ఒక అధ్యాయమంతా రాసింది ఆ కొస గురించే. దాని పైభాగం దేనికి తగిలినా మిషన్ ఎగిరి మనిషి ముఖం మీదికే వస్తుంది. నేను "సార్, కొస" అన్నాను. నా గొంతుతో అన్నాను కనుక ఎవరికీ వినపడలేదు. మిషన్ ఎగిరింది. ఆ ఊపుకే పిడి ముందున్న అడ్డు తనంతట తాను ముందుకు వాలి, గొలుసును ఆపే చెయిన్ బ్రేకు పడింది, గొలుసు ఆయన కళ్ళద్దాలకు బెత్తెడు దూరంలో ఆగింది. నిమ్మకాయ సేటు పొట్టకు తగిలింది. బంతిపూలు షాపంతా అక్షింతల్లా రాలాయి. తరువాత సేటు కళ్ళు మూసుకుని, అమ్మవారు దయ చూపిందన్నాడు. (దయ చూపింది చెయిన్ బ్రేకు. డైరీలో సరిదిద్ది రాసుకున్నాను.)

పూలరేకులూ కుంకుమా గాలి ఫిల్టరులోకి పోయి ఉంటాయి, విప్పి శుభ్రం చేయాలి అని చెప్పాను. పూజ చేసిన మిషన్‌ను అప్పుడే విప్పడమేమిటని బామ్మర్ది నా మీద కేకలేశాడు. అలా ఆ మిషన్ విప్పకుండానే మరునాడు యాప్రాల్ వెళ్ళింది. అక్కడ ఒక కాలనీలో గాలివానకు తురాయి చెట్టు గేటుకు అడ్డంగా పడింది. మిషన్ నడిపి చూపిస్తే కొంటామన్నారు. సేటు, బామ్మర్ది, బిల్లు రాయడానికి నేను. కాలనీ పెద్దలంతా కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. బామ్మర్ది మిషన్‌ను గాలిలో ఊపుతూ తాడు లాగాడు. (నేల మీద పెట్టి, వెనక పిడిలో కాలు పెట్టి తొక్కి లాగాలి. గాలిలో ఊపుతూ లాగితే చూడ్డానికి బాగుంటుంది, అంతే.) లాగాడు, లాగాడు. పెట్రోలు వాసన వచ్చింది గాని చప్పుడు రాలేదు. కుర్చీల్లోంచి ఎవరో, "బ్రదర్, మేం గొడ్డలోణ్ణి పిలుచుకుంటం లే" అన్నారు. సేటు ముఖం చూడలేకపోయాను. అప్పుడాయన నా వైపు తిరిగి, "అమ్మా, గా బుక్కుల ఏమన్న ఉన్నదా దీని గురించి?" అని అడిగాడు.

చెప్పవచ్చు. అంతమంది ముందు నోరు పెగిలితే గదా. చెప్పడం కంటే చేయడమే తేలిక అనిపించింది. కాని వదులు బట్టలు, వేలాడేవి ఏవీ ఒంటి మీద ఉండకూడదు. అంటే చున్నీ తీయాలి. ఆ రోజు నేను చేసిన కష్టమైన పని రంపం నడపడం కాదు, అంతమంది మగవాళ్ళ మధ్య చున్నీ తీసి మడిచి బిల్లు బుక్కు మీద పెట్టడం. మిషన్‌తో పాటు వ్యాన్‌లో తెచ్చిన కోటు గబగబా తొడుక్కున్నాను, కాళ్ళకు కవచాలు కట్టుకున్నాను, హెల్మెట్ పెట్టుకుని జాలీ దించాను. దించగానే ఒక వింత జరిగింది. నాకు ముఖం లేకుండా పోయింది. మాన్యువల్‌లో బొమ్మనైపోయాను.

ఫిల్టరు మూత తీస్తే లోపల బంతిరేకులూ కుంకుమా పెట్రోలూ కలిసి ముద్దయి ఉన్నాయి. దులిపాను. ప్లగ్ విప్పి తుడిచి, తాడు లాగి లోపల నిండిన పెట్రోలు పోగొట్టి, మళ్ళీ బిగించాను. బ్రేకు వేసి, నేల మీద పెట్టి, కాలితో తొక్కి లాగాను. దగ్గింది. మళ్ళీ లాగాను. అందుకుంది. చేయి ఊపి అందరినీ వెనక్కి జరగమన్నాను, జరిగారు. నేను చేయి ఊపితే నలుగురు వెనక్కి జరగడం జీవితంలో అదే మొదలు. రెండు కాళ్ళ మీద స్థిరంగా నిలబడి, బొటనవేలు పిడి చుట్టూ తిప్పి పట్టుకుని, గొలుసుకు ఎదురుగా కాకుండా పక్కకు నిలబడి కోశాను. పొట్టు వానలా కాళ్ళ మీద పడింది. అప్పుడే వచ్చిన వాచ్‌మన్ వెనకనుంచి, "అన్నా, గా కొమ్మ సుత కొట్టు జెర" అని అరిచాడు. ఆ అన్న వెంటనే ఆ కొమ్మ కూడా కొట్టాడు. నా సొంత పేరుకు నేనెప్పుడూ అంత హాయిగా పలకలేదు.

సేటు ఫోటోలు తీస్తూనే ఉన్నాడు. కాలనీవాళ్ళు కొన్నారు. వ్యాన్‌లో తిరిగి వస్తూ నేను మొదటిసారి సేటుతో నోరు తెరిచి, "మరి ఆ పని నాకేనా సార్" అని అడిగాను. ఆయన ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "నువ్వు మంచిగ చేసినవమ్మా, కాదంటలేను. గని ఆడపిల్లను సైట్లకు తోలితే మంది నన్నేమంటరు? మావోడు పోతడు తియ్యి. నువ్వు జెర వానికి నేర్పు" అన్నాడు. పక్కన బామ్మర్ది తన కడియం సర్దుకుంటున్నాడు. నేను నేర్పాను. ఇది మీకు కోపం తెప్పిస్తుందని తెలుసు, నాకిప్పటికీ తెప్పిస్తుంది. రోజూ మధ్యాహ్నం అదే గోడౌన్‌లో, అదే మాన్యువల్ విప్పి, ఆయన రాణిగంజ్ నిపుణుడయ్యేదాకా నేర్పాను. కాలు పెట్టి తొక్కమంటే మాత్రం చివరిదాకా తొక్కలేదు, బూటు పాలిష్ పోతుందన్నాడు. పాంప్లెట్ అచ్చయ్యాక చూస్తే ఫోటో నాది, కింద ఫోన్ నంబరు ఆయనది. ఫోటో కూడా ఆయనదే ఎందుకు పెట్టలేదని సేటును అడిగితే, ముఖం కనపడనప్పుడు ఎవరిదైతే ఏమిటన్నాడు. ఆ మాటా నిజమే. నేనూ మాన్యువల్ చదివినన్నాళ్ళూ అలాగే అనుకున్నాను.

పాంప్లెట్లు పంచిన ఆదివారం పొద్దున మా ఇంట్లో పేపరు విప్పితే పాంప్లెట్ నాన్న ఒడిలో పడింది. నేను చాయ్ గ్లాసు పట్టుకుని పక్కనే నిలబడ్డాను. మామూలుగా ఎవరు రంపం పట్టుకున్నా ఆయనకు నచ్చదు. టీవీలో ఎవరైనా కట్టె కోస్తుంటే తప్పులు పట్టి ఛానల్ మారుస్తాడు. ఆ రోజు పాంప్లెట్‌ను వెలుతురు వైపు తిప్పి, కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు. సగం వేలితో ఆ మనిషి కాళ్ళ మీద, తరువాత పిడి చుట్టూ ఉన్న బొటనవేలి మీద తడిమాడు. చెప్పేద్దామనుకున్నాను. నాలుక చివరిదాకా వచ్చింది. ఇప్పుడు తలుచుకుంటే గ్లాసు పట్టుకుని మెప్పు కోసం నిలబడ్డ ఆ అమ్మాయిని చూసి నవ్వొస్తుంది. అంతా నవ్వే కాదనుకోండి. నాన్న పాంప్లెట్ మడిచి, గ్లాసు అందుకుని, నా వైపు చూడకుండానే అన్నాడు.

"ఎవడో గని, పనొచ్చినోడు. నిలవడ్డ తీరుల్నే తెలుస్తది. నువ్వు మాత్రం గా మిషన్ దిక్కు పోకు బిడ్డా."