సౌజన్య ఓడిన ఆట

మూలపేట పోలారావు కూతురు సౌజన్యకి చదరంగం నేర్పింది ఆమె బావ గోవిందు. హాస్టల్లో చదివిన రోజుల్లో పట్టుబడిన ఆటని చేపల వేట లేనప్పుడల్లా ఇసకలో గళ్ళు గీసి నేర్పాడు. డిగ్రీకొచ్చాక టెక్కలి కాలేజీలో ఆమెకి ఎదురులేదు. పలాస జ్యోత్స్న ఒక్కతే ఆమెని ఓడించేది.

తొంభై తొమ్మిది అక్టోబరులో యూనివర్సిటీ జట్టులో మిగిలిన ఒక్క చోటు కోసం ఆ ఇద్దరికే పోటీ పడింది.

సౌజన్యదే పైచేయిగా ఉంది. ఇంతలో తుఫాను గాలి లేచింది. కాలేజీ గది కిటికీ రెక్కలు టపటపా కొట్టుకుంటున్నాయి. తడిసి ముద్దయిన గోవిందు గుమ్మంలో కనబడగానే ఆమె ఆట వదిలి లేచి వెళ్ళింది.

"మావ, అసిరయ్య కలిసి ఏటకి వెల్లిన తెప్ప ఇంకా రానేదే," అన్నాడు మెల్లిగా. "బస్సులు ఆపీసినారు. నాను నడిసెల్తన్నాను. నిన్నీడే ఉండమని అత్త సెప్పింది."

సౌజన్య మళ్ళీ వచ్చి ఆటకి కూర్చుంది. గాలి హోరులో నాన్న కేక వినబడినట్టయి ఉలిక్కిపడింది. చెయ్యి తెలియకుండానే మంత్రిని పట్టుకుంది. ముట్టుకున్న పావునే కదపాలని ఆట నియమం. ఎటు కదిపినా మంత్రి పోతుంది.

"నాను సూళ్ళేదులే. వేరేది ఆడు," అంది జ్యోత్స్న.

సౌజన్య తల అడ్డంగా ఊపింది. ఇక్కడ తప్పాట ఆడితే అక్కడ సముద్రం ఊరుకోదనిపించింది. మంత్రిని కదిపి, ఆట పోగొట్టుకుంది.

మర్నాడు గాలి తగ్గాక జ్యోత్స్న తోడొచ్చింది. కూలిన కొబ్బరి చెట్లు దాటుకుంటూ ఇద్దరూ మూలపేట చేరారు. ఒడ్డున తల్లి బొడ్డమ్మ, అసిరయ్య పెళ్ళాం పైడితల్లి పక్కపక్కన కూర్చుని ఉన్నారు. ఎవరూ ఏడవడం లేదు. అది చూస్తే సౌజన్యకి ఇంకా భయమేసింది.

పోలారావు ఎక్కడో బారువ దగ్గర ప్రాణాలతో ఒడ్డుకి కొట్టుకొచ్చాడు. అసిరయ్య రాలేదు.

జట్టులోకి జ్యోత్స్న వెళ్ళింది. సౌజన్య తర్వాత నందిగాంలో టీచరైంది. తను ఓడబట్టే నాన్న తిరిగొచ్చాడని ఇప్పటికీ ఆమె నమ్మకం. మరి అసిరయ్య కోసం ఇంకేం పోగొట్టుకోవలసిందో ఆమెకి తెలియదు. మూలపేట వెళ్ళినప్పుడు పైడితల్లి ఎదురొచ్చి, "ఎప్పుడొచ్చినావమ్మా?" అని ఆప్యాయంగా అడిగితే మాత్రం ఇసక వంకే చూస్తూ జవాబిస్తుంది.