పొగాకు కషాయంలో మొలిచిన చెట్లు

పెనుకొండ కుమ్మరి వీధిలో ఆడవాళ్లు మన్ను తొక్కుతారు, కుండలు ఆరబెడతారు, సంతకు మోస్తారు. కుండలు చేసే చక్రం, సారె ముందు మాత్రం కూర్చోరు. 1996లో పక్షవాతం వచ్చి భర్త నారాయణప్ప కుడిచేయి పడిపోయాక, కమలాక్షి సారె ముందు కూర్చుంది. వీధి గొణిగింది గానీ, మంచంలోని మనిషిని చూసి ఊరుకుంది.

మరుసటి ఏడు హిందూపురంలో చేతిపనుల వాళ్లకు పది రోజుల శిక్షణ పెట్టారు. బెంగళూరు నుంచి వచ్చిన టీచరమ్మ ఒకామె, సగం ఆరిన గిన్నెను పల్చటి తెల్లసుద్ద నీళ్లలో ముంచి, ఆ తడి ఆరకముందే, నల్లరంగు కలిపిన పొగాకు కషాయం ఒక్క బొట్టు తాకించింది. చూస్తుండగానే ఆ బొట్టు తనంతట తానే కొమ్మలూ రెమ్మలుగా చీలి చెట్టయింది. కమలాక్షి ఆ పూట అన్నానికి లేవకుండా ఆ గిన్నెనే తిప్పి తిప్పి చూసింది.

ఇంటికొచ్చి మొదలుపెట్టింది. బీడీలు చుట్టే పీరాంబీ దగ్గర పొగాకు దుమ్ము తెచ్చి ఉడకబెట్టింది. టీచరమ్మ వాడిన రంగు దొరక్క, పాత టార్చి సెల్లులు పగలగొట్టి లోపలి నల్లపొడిని మెత్తగా నూరింది. సుద్ద చిక్కనైతే బొట్టు మచ్చలా నిలిచిపోయేది. పల్చనైతే జారిపోయేది. చింతపండు పులుసు వేసి చూసింది, నిమ్మరసం వేసి చూసింది. కొమ్మలు పుట్టాయి గానీ మొండిగా ఆగిపోయాయి. నాలుగు నెలలు చెడిన గిన్నెలన్నీ మళ్లీ మన్నులో కలిపింది. చివరికి కషాయాన్ని సగానికి మరిగించి, గిన్నెను తలకిందులుగా పట్టి బొట్టు వేసింది. తిప్పి చూస్తే చెట్టు నిటారుగా నిలబడి ఉంది.

అప్పుడొచ్చాడు నారాయణప్ప అన్న హనుమంతు. వీధికి పెద్ద.

"పొగాకు నీళ్లు తాకిన కుండ మన వీధి ఆవంలో కాల్చేది లేదు కమలాక్షీ. దేవుని కుండలు కాలేది ఆడనే."

"అంత మంటలో పొగాకు యాడ మిగుల్తాది బావా?"

"నువ్వు సారె ఎక్కినప్పుడే అడగాల్సింది. ఊరుకుంటిమి."

"మీరు ఊరుకున్యారని నేను కూర్చోలేదు. ఇంట్లో తిండి లేక కూర్చున్యా. ఇది మాత్రం తిండి కోసం కాదు. నాకు కావాల, చేస్తాండా."

ఆయన వెళ్లిపోయాక నారాయణప్ప మంచంలోంచి అడిగాడు. "ఆవం యాడ కడతావు?"

"పెరట్లో."

"గాలి పడమట నుంచి వస్తాది. నోరు ఆ పక్క పెట్టు."

తొలిసారి కాల్చినప్పుడు సగం పగిలాయి. వీధి నవ్వింది. కమలాక్షి ఆ పెంకులు ఊడ్చిపోసి, వారానికే మళ్లీ నిప్పు పెట్టింది. ఈసారి ఆ నల్లపొడి కాలి, తెల్లటి గిన్నెల మీద ముదురు గోధుమరంగు చెట్లు నిలిచాయి.

ఆ ఏడు బాబయ్య దర్గా ఉరుసులో కుమ్మరులు కుండలమ్మే వరుస చివర, వేరుగా కూర్చోమని హనుమంతు కబురంపాడు. ఆమె గోనెపట్టా తెచ్చి సరిగ్గా వరుస నడుమ పరిచింది. ఎవరూ పలకరించలేదు. మధ్యాహ్నానికి ధర్మవరం నుంచి వచ్చిన ఒక మగ్గం నేసే మనిషి గిన్నె ఎత్తి తిప్పి చూశాడు.

"ఈ చెట్లు ఎవురు గీసిరమ్మా?"

"ఎవురూ గీయలేదప్పా. నేనే మొలిపిస్తి."

అతను ఆరు గిన్నెలు తీసుకున్నాడు. ఆ తర్వాత, మొగుడు చూస్తుండగానే, హనుమంతు భార్య ఆదిలక్ష్మమ్మ వచ్చి గోనెపట్టా మీద కూర్చుంది.

"నాకూ నేర్పిస్తావా?" అంది.

"రేపొద్దున రా. ముందు సారె తిప్పేది నేర్చుకో" అంది కమలాక్షి.

హనుమంతు బతికున్నన్నాళ్లూ ఆ గిన్నెలు ముట్టలేదు. ముట్టమని ఆమె ఎన్నడూ అడగలేదు. 2005 నాటికి ఆ వీధిలో సారె తిప్పే ఆడవాళ్లు ఐదుగురు.