పగటాయన, రాత్రాయన

ఇనుప చువ్వలు చేసే ఆ ఫ్యాక్టరీలో కొన్నేళ్ళపాటు బట్టీ ఆరింది లేదు. ఎక్కడెక్కడి పట్నాల్లోనో మేడలు లేస్తున్నాయి, ఎంత ఇనుము పంపినా చాలడం లేదు. పని కోసం నలుమూలల నుంచీ జనం దిగారు. పక్క వీధిలో చీమ దూరే సందు లేదు, కోళ్ళ షెడ్డుకు కూడా అద్దె పలికింది. అప్పుడు లాడ్జి నడిపే అక్కకు ఒక ఉపాయం తట్టింది. మంచాన్ని రెండుగా కోయలేం గానీ రోజును కోయవచ్చు కదా! పగటి షిఫ్టువాడికి రాత్రి మంచం, రాత్రి షిఫ్టువాడికి పగలు మంచం. ఒక మంచం, రెండద్దెలు.

మెట్ల పక్క గదిలో కిటికీ దగ్గరి మంచం అలా ఇద్దరికి వచ్చింది. ఒకాయన పగటి షిఫ్టులో బట్టీ దగ్గర పనిచేసేవాడు. ఎర్రగా కాలిన ఇనుప దిమ్మను పటకారుతో పట్టి రోలర్లలోకి తోయడం ఆయన పని. నలభైకి దగ్గరపడ్డాడు, పెళ్ళి కాలేదు. తమ్ముళ్ళనూ చెల్లెళ్ళనూ ఒడ్డున పడేసేసరికి తన వయసు కాస్తా జారిపోయింది. ఒడ్డెక్కినవాళ్ళు వెనక్కి తిరిగి చూడలేదు. రెండో ఆయన రాత్రి షిఫ్టులో క్రేన్ నడిపేవాడు, ఐదారేళ్ళు చిన్న. భార్యా ఇద్దరు ఆడపిల్లలూ ఎక్కడో దూరాన అత్తగారింట్లో ఉన్నారు. అక్కకు పేర్లు గుర్తుండవు. పగటాయన, రాత్రాయన అని పిలవడం మొదలుపెట్టింది. వీధంతా అదే అందుకుంది.

ఇద్దరూ కలిసేది పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, గుమ్మంలో.

"దుప్పటి దులిపి పరిచానన్నా," అనేవాడు రాత్రాయన సాయంత్రం.

"బకెట్లో వేణ్ణీళ్ళున్నాయి, చల్లారకముందే పోసుకో," అనేవాడు పగటాయన పొద్దున.

అంతే, ఒకరు లోపలికి, ఒకరు బయటికి. అక్క చూసి నవ్వేది. "మొగుడూ పెళ్ళాలైనా ఇంత సఖ్యంగా ఉండరయ్యా!"

"కలిసేదే రెండు నిమిషాలు కదక్కా," అనేవాడు రాత్రాయన, "పోట్లాడుకోవడానికి టైమేదీ?"

ఒకసారి పగటాయన జ్వరంతో పడిపోయాడు. రాత్రంతా క్రేన్ మీద కూర్చుని వచ్చిన రాత్రాయన మంచం మాటే ఎత్తలేదు. నేల మీద చాప వేసుకుని, తడిగుడ్డ మారుస్తూ, మధ్యలో కూర్చునే కునికాడు. జ్వరం తగ్గేదాకా అలాగే చేశాడు. కళ్ళు తెరిచినప్పుడల్లా పక్కన ఆ మొహం కనబడేది. తను ఎత్తుకు పెంచినవాళ్ళు ఒక్కరూ తన నుదుటి మీద చెయ్యి వేసి ఎరగరు. పగటాయన అటు గోడ వైపు తిరిగి పడుకున్నాడు, కన్నీళ్ళు కనిపించకుండా.

ఇనుముకు గిరాకీ ఇంకా పెరిగింది, జీతాలు పెరిగాయి. ఒక సాయంత్రం గుమ్మంలో రాత్రాయన దారికడ్డంగా నిలబడ్డాడు.

"అన్నా, రెండు గదుల ఇల్లు చూశాను. మా వాళ్ళను తెచ్చేసుకుంటున్నా. వసారాకు గోడ కట్టిస్తే నీకూ ఓ గది. వచ్చెయ్."

"మీ ఆవిడేమంటుందో కనుక్కున్నావా?"

"ఆ మాట అన్నదే ఆవిడ."

వాళ్ళు దిగిన రోజున చిన్నపిల్ల, ఆరేళ్ళది, ఆయన్ను కిందినుంచి పైదాకా చూసి, "ఈయన్నేమనాలమ్మా?" అంది. "పెదనాన్న అనవే," అంది తల్లి, పెట్టె విప్పుతూనే. ఏదో మామూలు మాట అన్నట్టు అనేసింది. పగటాయన పని ఉన్నవాడిలా వీధిలోకి వెళ్ళి, చాలాసేపు ఊరికే తిరిగి వచ్చాడు.

ఏడాది నిండలేదు గానీ ఆయన బతికిన బతుకంతా ఆ ఇంట్లోనే బతికాడు. తల్లి నీళ్ళకు వెళ్ళినప్పుడు చిన్నదానికి జడ వేసేవాడు. బట్టీ సెగకు మొద్దుబారిన వేళ్ళు కదా, పాయలు చిక్కేవి కావు. "బావగారూ, అది జడా, మోకా?" అని ఆవిడ నవ్వితే, "బిగువుగా ఉంటే సాయంత్రందాకా ఊడదమ్మా," అనేవాడు, తనదేదో గొప్ప పనితనమైనట్టు.

అంతలోకే గాలి తిరిగింది. ఎక్కడో బ్యాంకులు మునిగాయన్నారు, కట్టిన మేడలు కొనే నాథుడు లేడన్నారు. లారీలు రావడం మానేశాయి. చువ్వలు ఆవరణలో కొండలా పేరుకుని వానకు తడిసి తుప్పు పట్టాయి. లాడ్జిలో మంచాలు ఖాళీ అయ్యాయి. చివరికి రాత్రి షిఫ్టు ఎత్తేశారు, పగటి షిఫ్టులో పాతవాళ్ళే ఉంటారన్నారు. రాత్రాయన ఆ కబురు విని ఇంటికొచ్చి పిల్లలతో ఆడుకున్నాడు. మామూలు కన్నా ఎక్కువగా నవ్వించాడు. అది చూసి పగటాయనకు అన్నం దిగలేదు.

మర్నాడు ఫోర్‌మన్ దగ్గరికి వెళ్ళాడు. "నా చోట అతన్ని పెట్టుకోండి సార్. బట్టీ పని నేర్పాను, చేస్తాడు."

"మతి పోయిందా నీకు? బయట పురుగుకు కూడా పని లేదు."

"నాకు రాళ్ళ క్వారీలో దొరికింది సార్. ఈ సంగతి మాత్రం అతనికి చెప్పకండి."

ఫోర్‌మన్ సరేనన్నాడు. నిజానికి క్వారీలో ఏమీ దొరకలేదు. ఇంటికొచ్చి, "మేస్త్రీగా రమ్మన్నారు, జీతం ఎక్కువ. ఈ సెగలో ఇంకెన్నాళ్ళు వేగను?" అన్నాడు.

రాత్రాయన మొహం చిన్నబోయింది. "అంతేలే అన్నా. మంచి చోటు దొరికితే ఎవరు మాత్రం ఆగుతారు."

ఆ మాట ములుకులా దిగింది. అయినా పగటాయన సంచి సర్దుకున్నాడు. చిన్నది సంచి పట్టుకుని వదల్లేదు. తల్లి వేళ్ళు విడదీయాల్సి వచ్చింది.

వెతగ్గా వెతగ్గా నిజంగానే ఒక క్వారీలో పని దొరికింది. మేస్త్రీ పని కాదు, రాళ్ళు మోసే కూలి. ఆదివారం ఆదివారం ఫోన్ వచ్చేది. పిల్లలు వంతులు వేసుకుని మాట్లాడేవాళ్ళు. కొన్నాళ్ళకు నెలకోసారయింది. తర్వాత ఆగిపోయింది. పగటాయనకు పాత గాయం కెలికినట్టయింది. అందరూ ఒకటే, ఒడ్డెక్కేదాకానే అన్న, అనుకున్నాడు. వాళ్ళే చేయనీ అని పంతం పట్టాడు. ఆ పంతంలో ఏడాది పైన గడిచిపోయింది.

ఒక రోజు ఆవిడే ఫోన్ చేసింది. "బావగారూ, ఆయన ఆస్పత్రిలో ఉన్నారు. ఒక్కసారి రండి."

రెండు బస్సులు మారి మధ్యాహ్నానికి చేరాడు. పొద్దున్నే పోయాడన్నారు. ముసుగు తీసి చూపించారు. నుదుటి మీద చెయ్యి వేశాడు. చల్లగా ఉంది.

వరండాలో బెంచీ మీద ఆవిడ చెప్పింది. ఫ్యాక్టరీ పూర్తిగా మూతపడిందట. ఇల్లు ఖాళీ చేసి ఈ ఓడరేవుకొచ్చారట. బస్తాలు మోసీ మోసీ గుండె అలిసిపోయిందన్నాడట డాక్టరు.

"మరి నాకెందుకు చెప్పలేదమ్మా?"

"మూసేసిన రోజున ఫోర్‌మన్ చెప్పేశాడు, మీరు చేసిన పని. అప్పట్నుంచీ ఫోన్ చేతిలో పెట్టుకుని కూర్చునేవారు, నొక్కేవారు కాదు. 'అన్న తన కంచంలో అన్నం నా కంచంలో వేశాడే! నేను అదీ నిలుపుకోలేకపోయాను. ఏ మొహంతో మాట్లాడను?' అనేవారు. నేను చేస్తానంటే, 'కాస్త నిలదొక్కుకోనీ, అప్పుడు పిల్లల్ని తీసుకుని నేరుగా వెళ్ళి నిలబడదాం' అనేవారు."

"నేను... వాడు నన్ను మరిచిపోయాడనుకున్నానమ్మా."

ఆవిడ ఆయన వంక చూసింది. "మరిచిపోవడమా బావగారూ?" అని మాత్రం అంది. ఇద్దరూ చాలాసేపు ఏడ్చారు.

కర్మకాండ ముగిశాక పగటాయన అన్నాడు: "నాతో రండమ్మా. గది చూస్తాను. పిల్లల చదువు నేను చూసుకుంటాను."

"మీరా మాట అంటారని తెలుసు," అంది ఆవిడ మెల్లగా. "మా అన్నయ్య తీసుకెళ్తానన్నాడు. ఆయన ఉన్నప్పుడు మీరు మా ఇంటి మనిషి. ఇప్పుడు లోకం ఇంకోలా చూస్తుంది. ఆడపిల్లల తల్లిని, నేనేం చేయను?"

పగటాయన వాళ్ళ సంచులు అందుకున్నాడు. బస్సు ఎక్కించాడు. పెద్దది కిటికీలోంచి దణ్ణం పెట్టింది. చిన్నది తల్లి ఒళ్ళో మొహం దాచుకుంది.

రెండేళ్ళకు మళ్ళీ మేడలు లేచాయి, బట్టీ వెలిగింది. ఫోర్‌మన్ స్వయంగా ఫోన్ చేసి పిలిచాడు. పగటాయన వెళ్ళాడు. వెళ్ళకపోతే పొట్ట గడవదు. గేటు ముందు సంచులతో కొత్త కుర్రాళ్ళు బారులు తీరి ఉన్నారు. ఒకరినొకరు తోసుకుంటూ నవ్వుకుంటున్నారు.

"మంచి రోజులొచ్చాయయ్యా!" అన్నాడు ఫోర్‌మన్.

"వచ్చాయి సార్," అన్నాడు.

ఆదివారాలు పిల్లల మేనమామ నంబరుకు ఫోన్ చేసేవాడు. మేనమామ మర్యాదస్తుడే. "పిల్లలు బాగున్నారండీ, చదువుకుంటున్నారు," అని పెట్టేసేవాడు. ఫోన్ పిల్లలకిమ్మని అడగడానికి పగటాయనకు నోరు రాలేదు. ఒక ఆదివారం ఆ నంబరు పనిచేయడం లేదని వచ్చింది. సాయంత్రందాకా మళ్ళీ మళ్ళీ చేసి చూశాడు. ఆ వారం నుంచి ఆదివారాలు కూడా ఓవర్‌టైం అడిగి వేయించుకున్నాడు.