లైసెన్సు భయంతో పాడిన పాట

నాకు సంగీతం ముక్క రాదని నిన్న దేవుడి పటం చూపించి మరీ ఒట్టేశాను! నేనెవర్ని? నలభై ఏళ్లుగా రాయపూర్‌లో సగం మందికి, సరే, పాతిక మందికి, పాట నేర్పిన దాన్ని!

దేవేంద్ర నగర్‌లో మా ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో తెలుగు పాటలు నేర్పుతాను. అంతా ఇక్కడ స్థిరపడ్డ మన తెలుగు రైల్వే కుటుంబాల పిల్లలే. తెలుగు పాటని హిందీ అక్షరాల్లో రాసుకుని పాడతారు. మొన్న ఓ సినిమా పాట క్లాసు రికార్డు చేసి నెట్‌లో పెట్టాను. టీ చల్లారకముందే నోటీసు! ఆ పాట హక్కులు ఏదో కంపెనీవట.

మా ఆయన రిటైరైన టీటీఈ. జన్మంతా టికెట్ లేనివాళ్లని పట్టుకున్న మనిషి.

"ఏటే, లైసెన్సు లేకుండా ఫీజులు పుచ్చుకుని సినిమా పాటలు నేర్పేస్తన్నావా? చెకింగ్‌కి ఇంటికే వస్తారు. ఫైను కట్టించి క్లాసు మూయించేస్తారు!"

"నా హార్మోనియం?"

"ముందు పట్టుకెళ్లేది అదే" అన్నారు. ఆ గొంతులో కాస్త సంతోషం వినపడింది నాకు.

నిన్న సాయంత్రం క్లాసు మధ్యలో బెల్లు మోగింది. కిటికీలోంచి చూద్దును కదా, ఎవరో ఒకాయన, కళ్లజోడు, చంకలో లావుపాటి ఫైలు! "మ్యూజిక్ సిఖానేవాలీ మేడమ్ యహీ రహతీ హై క్యా?"

సంగీతం నేర్పే మేడమ్ ఉండేది ఇక్కడేనా అంటున్నాడు. చెకింగువాడు వచ్చేశాడు! "ఒక్క నిమిషం ఉండండర్రా" అని పిల్లలకి చెప్పి, హార్మోనియం ఎత్తుకెళ్లి బియ్యం డబ్బా వెనక పెట్టి దుప్పటి కప్పాను. ఏనుగుపిల్లని దాచినట్టే అయింది.

తలుపు తీసి, "మ్యూజిక్? హమారే ఖాన్‌దాన్ మే హీ నహీ హై!" అన్నాను. సంగీతం మా వంశంలోనే లేదని దేవుడి పటం చూపించి ఒట్టేశాను.

"లేకిన్ గానే కీ ఆవాజ్ తో..." పాట వినపడిందే మరి అని నసిగాడు.

"అయితే వినండి!" అని హిందీలోనే గదిమి, నేర్పుతున్న పాటే అందుకున్నాను. శ్రుతి పక్కపేట శంకర్ నగర్‌లో, తాళం ఊరు దాటి ఆరంగ్ అవతల! గేటు దగ్గర పడుకున్న కుక్క లేచి వీధి మారిపోయింది.

పాపం ఆయన రెండు చేతులూ జోడించాడు. కూతుర్ని క్లాసులో చేర్పిద్దామని వచ్చాడట. ఫైల్లో ఉన్నవి ఆ పిల్ల గెల్చుకున్న సర్టిఫికెట్లట. "మాఫ్ కీజియే, ఘర్ గలత్ హో గయా" ఇల్లు పొరబడ్డానంటూ వెనక్కి తిరిగాడు.

"అరే భాయ్‌సాబ్, నేనే ఆ మేడమ్‌ని!" అని వెంటపడ్డాను. నన్ను చూసి పరుగే అందుకున్నాడు!

మా ఆయన సోఫాలో పడి నవ్వుతున్నారు. నోటీసు సంగతి తీరిగ్గా అప్పుడు కనుక్కున్నారట ఈ పెద్దమనిషి: గొడవంతా నెట్‌లో పెట్టిన వీడియోకేనట, అది తీసేస్తే సరిపోతుందట!

దాన్ని తీసేసి క్లాసు ముందు కూర్చుంటే ఏముంది? మైకు ఆపడం మర్చిపోయాను. పన్నెండు మంది పిల్లలూ కళ్లు మూసుకుని నా అపస్వరాలు ఒక్కటీ వదలకుండా పాడేస్తున్నారు. అందులో ఒక పిల్ల తల్లి తెర మీదకొచ్చి, "ఆంటీ, ఇన్నాళ్లకి మీ గొంతు బాగా పలికింది! పిల్లలకి ఒక్కసారికే వచ్చేసింది చూడండి!" అంది.

కావాలని చెడగొట్టి పాడానని ఎలా చెప్పను?

"సాధనమ్మా, అంతా సాధన!" అన్నాను.