మడ్‌గార్డు మీది చెయ్యి

ముప్పై ఎనిమిదేళ్లపాటు అతన్ని అందరూ అద్దం మేస్త్రి అన్నారు. అతను రంగు వేసిన ట్రాక్టరు బానెట్‌లో చూసుకుని తల దువ్వుకోవచ్చని దాని అర్థం. ఇప్పుడు తుప్పు మేస్త్రి అంటున్నారు. ఆ మాట మొదలుపెట్టింది స్వయానా ఇంటావిడే.

దీనికంతటికీ కారణం ఒక పళ్ల డాక్టరు. ఊళ్లో సగం మంది నోళ్లలో గార గీకి మేడ కట్టినవాడు. రోగి పంటి మీద గోరంత పసుపు కనబడితే మొహం చిట్లించే ఆ మహానుభావుడు, వాళ్ల నాన్న దున్నిన పాత ట్రాక్టరును మేడ ముందు అద్దాల గదిలో నిలబెడతాడట, అదీ తుప్పుతోనే. లారీలోంచి దించుతుంటే దాని ఎడమ మడ్‌గార్డు తుక్కు తుక్కయింది. కొత్త రేకుతో మరొకటి చేసి, కుడిదాని మీద ఉన్నట్టే తుప్పు పట్టించాలి. నమూనాకని కుడిదాన్ని విప్పించుకుని తనే మేస్త్రి షెడ్డుకు తెచ్చాడు.

"తుప్పు అనకండి మేస్త్రీ. అది కాలం వేసిన రంగు," అన్నాడు డాక్టరు.

కాలమే వేస్తే మధ్యలో నేనెందుకురా నాయనా, అనుకున్నాడు మేస్త్రి. పంటి మీదుంటే గార, బండి మీదుంటే కళ. డబ్బున్నవాడికి తోచకపోతే ఇలాంటి రోగాలే వస్తాయి.

"ఇదిగో, ఈ అంచు మీద నున్నగా నల్లబడింది చూశారా?" అన్నాడు డాక్టరు. "మా నాన్న దున్నేటప్పుడు వెనక్కి తిరిగి నాగలి చూసుకుంటూ చెయ్యి ఇక్కడే ఆనించేవాడు, ఇరవై ఏళ్లు. మా దగ్గర ఆయన ఫొటో ఒక్కటి కూడా లేదు. దీన్ని మాత్రం ముట్టుకోకండి."

మేస్త్రి తలూపాడు. పని చేతకానిదేమీ కాదు. కొత్త రేకు మీది జిడ్డు కడిగాడు. వెనిగర్, ఉప్పు, పుండ్లు కడగడానికి మందుల షాపులో అమ్మే పెరాక్సైడు కలిపి చల్లాడు. రేకు బుసబుసా పొంగి, గంటలో నారింజ రంగుకు తిరిగింది. ఎండబెట్టి, మళ్లీ చల్లి, గోనెపట్టాతో రుద్ది, రాలిపోకుండా పలచగా అవిసె నూనె పట్టించాడు. జీవితమంతా పగబట్టి గీకినదాన్ని ఇప్పుడు నూనె రాసి లాలిస్తున్నందుకు తన మీద తనకే రోత పుట్టింది. డాక్టరు మీద అంతకు రెట్టింపు పుట్టింది.

నాలుగో రోజున బావమరిది వచ్చాడు. అతనిదీ రంగుల షెడ్డే, వెనక వీధిలో.

"ఏం బావా, తుప్పు వదలగొట్టేవాడివి, పట్టించేవాడివి అయ్యావా?"

"ఆ పళ్ల డాక్టరు బుర్రకు పట్టింది. నా చేత రేకుకు పట్టిస్తున్నాడు. ఇదిగో, ఇది వాళ్ల నాన్న చెయ్యట. మనం ముట్టుకోకూడదట."

ఇక మేస్త్రి అందుకున్నాడు. డాక్టరును, అతని మేడను, అద్దాల గదిని ఏకిపారేశాడు. మాట జోరందుకుంటే మేస్త్రి చెయ్యి ఊరికే ఉండదు. ముందు ఇనుము ఉంటే చాలు, పక్కనున్న ఉప్పు కాగితం తీసుకుని రుద్దుకుంటూ పోతుంది. తిట్టేవాడు తిడుతున్నాడు, రుద్దే చెయ్యి రుద్దుతోంది. బావమరిది మొహం పాలిపోవడం చూసి కిందికి చూస్తే, కుడి మడ్‌గార్డు అంచున జానెడు మేర ఇనుము తళతళా మెరుస్తోంది.

"అది ఆ చెయ్యి ఉన్న చోటే కదూ?" అన్నాడు బావమరిది.

మేస్త్రి ఉప్పు కాగితం విసిరేశాడు. అప్పటిదాకా ఎగతాళి చేసిన ఆ ఒక్క ఫొటోనీ తన చేత్తోనే చెరిపేశాడు. మూడు రోజులు షెడ్డు తలుపు వేసుకున్నాడు. మెరిసిన చోట మళ్లీ తుప్పు రప్పించాడు. మసి, నూనె, సన్నటి బూడిద అద్దుకుని, చర్మం లేచిపోయేదాకా అరచేత్తోనూ వేళ్లతోనూ రుద్దాడు. ముప్పై ఎనిమిదేళ్లలో చేసిన పనులన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు. అయితే ఎవరికీ చెప్పుకోవడానికి లేదు.

డాక్టరు వచ్చి ముందు ఎడమదాన్ని చూశాడు. "పరవాలేదు. కానీ కొత్తదని పట్టేయొచ్చు," అని పెదవి విరిచాడు. తరవాత కుడిదాని మీద చెయ్యి వేశాడు. చాలాసేపు తియ్యలేదు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"మా నాన్న చెయ్యి ఎంత పెద్దదో చూడండి. నాది ఇందులో సగం కూడా లేదు. ఏదీ, మీది పెట్టండి."

వద్దంటున్నా వినకుండా మేస్త్రి చెయ్యి పట్టుకుని పెట్టించాడు. ఏ వేలి చోటుకు ఆ వేలు సరిపోయింది.

మామూలుగా అయితే మేస్త్రి లోపల పడీ పడీ నవ్వుకోవాలి. ఆ తడి కళ్లు చూశాక నవ్వు రాలేదు. పాడు నోరు ఆగలేదు.

"అది నా చెయ్యే సార్. పొరపాటున గీకేశాను. మీ నాన్నగారిది పోయింది. ఇది నేను చేసింది. క్షమించండి."

డాక్టరు ఒక్క క్షణం చూసి, జాలిగా నవ్వాడు. "కట్టుడు పళ్లేవో సొంత పళ్లేవో చూసి ముప్పై ఏళ్లు బతికినవాణ్ణి మేస్త్రీ. ఎడమదాని మీద ఉన్నదే మీ పనితనం. ఇది మీ వల్ల అయ్యేది కాదు."

రెండు మడ్‌గార్డులూ బండిలోకి ఎక్కించారు. కుడిదాని కింద డాక్టరు తన శాలువా మడిచి పరిచాడు. బండి కదిలాక మేస్త్రి నోరారా తిట్టుకుందామనుకున్నాడు. ఎవరిని తిట్టాలో తేల్చుకోలేక లోపలికి వెళ్లి చెయ్యి కడుక్కున్నాడు.