ఈరమ్మ మార్చి అంటించిన పట్టీ

యూనివర్సిటీలో మా డిపార్ట్‌మెంటు వరండాకు అధికారి ఎవరంటే నేను ఈరమ్మ పేరే చెబుతాను. పదిహేడేళ్లుగా ఊడుస్తోంది. ఆమె చీపురుతో వస్తే ప్రొఫెసర్లు కూడా కాళ్లు పైకెత్తుకోవాల్సిందే. నేను అక్కడ ఫైళ్లు చూసే భార్గవిని, అనంతపురం దాన్ని. నాకు నోరెక్కువని మా వాళ్లే అంటారు. ఈరమ్మ ముందు ఆ నోరు కూడా లేవదు.

రెండేళ్ల కిందట ఆమె మనవరాలు నవనీతను వెంట తీసుకురావడం మొదలుపెట్టింది. పిల్లకప్పుడు మూడేళ్లు. పుట్టుకతోనే ఎడమ కంట్లో శుక్లం. ముసలివాళ్లకు వచ్చేది పసిపిల్లకెలా వస్తుందని నేను నోరెళ్లబెట్టాను. రెండో నెలలోనే ఆపరేషన్ చేసి తీసేశారట, తర్వాత లోపల లెన్సు పెట్టి, పైన కళ్లజోడు ఇచ్చారట. అంతటితో అయిపోలేదు. రోజూ ఆరు గంటలు కంటికి పట్టీ అంటించాలి. అదీ బాగున్న కుడి కంటికి!

కోడలు రజిని తార్నాకలో బట్టల షాపులో పనిచేస్తుంది. పొద్దున్నే పట్టీ అంటించి, పిల్లను అత్తకు అప్పజెప్పి వెళ్లేది. ఇక బస్టాపులో ఒకావిడ, క్యాంటీన్లో ఒకాయన, "మంచి కన్ను మూసిపెట్టినవేందమ్మా?" అని ఈరమ్మను నిలదీసేవారు. అడక్కుండా సలహాలివ్వడంలో మనవాళ్లను మించినవాళ్లు లేరు. పట్టీతో పిల్ల గోడలకు గుద్దుకుని ఏడ్చేది. ఒళ్లో పెట్టుకుని ఈరమ్మా ఏడ్చేది.

కొన్నాళ్లకు ఏడుపు ఆగింది. పిల్ల పట్టీతోనే వరండా అంతా పరుగులు తీసింది. అలవాటైపోయిందని సంబరపడ్డాను తప్ప, పట్టీ ఏ కంటికి ఉందో చూడనే లేదు. అంత తెలివి నాది.

నాలుగేళ్లు నిండాక కంటి ఆస్పత్రిలో పరీక్ష. ఇంగ్లీషు కాగితాలు చదవడానికి నన్ను కూడా రమ్మన్నారు. డాక్టర్ కరుణాకర్ పిల్ల కుడి కన్ను మూసి, దూరంగా బోర్డు మీది బొమ్మలు చూపించాడు. అన్నిటికన్నా పైనున్న పెద్ద బొమ్మ తప్ప నవనీత ఏదీ చెప్పలేకపోయింది. ఆరు నెలల కిందటి కాగితంలోనూ అంతే ఉంది.

"కన్ను బాగానే ఉంది. దాంతో చూడటం మెదడే ఇంకా నేర్చుకోలేదు. మంచి కన్ను తెరిచి ఉంటే మెదడు ఈ కన్నును పట్టించుకోదు. ఏడెనిమిదేళ్లు దాటితే నేర్పడం చాలా కష్టం," అని రజిని వైపు తిరిగాడు. "అసలు పట్టీ పెడుతున్నారా?"

"రోజూ నా చేతులతోనే అంటిస్తున్న సార్," అంది రజిని.

"ఆమెను అనకు సారూ," అంది ఈరమ్మ. "తప్పు నాది. గామె షాపుకు పోంగనే పట్టీ తీసి ఎడమ కంటికి పెడుతున్న. దెబ్బ తాకిన కాడనే కద కట్టు కడ్తరు అనుకున్న. పోరి గోడలకు గుద్దుకుంటుంటె నా పానం ఆగలే. పొద్దుగూకంగ మళ్ల మార్చి ఇంటికి తోల్కపోతున్న."

ఆమె నోరు విప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. ఆమె స్థానంలో నేనుంటే చెప్పి ఉండేదాన్ని కాదు. ఈరమ్మ నాకు తెలిసిన మనిషి అని గర్వపడటం ఆ రోజే మొదలుపెట్టాను. రజిని మాత్రం ఒక్క మాటా అనలేదు. ఆ తర్వాత ఇంట్లో కూడా అవసరానికి మించి మాట్లాడలేదు.

"తిడితే బాగుండు భార్గవమ్మా. తిడ్తలేదు," అనేది ఈరమ్మ.

మర్నాటి నుంచి పట్టీ కుడి కంటికే ఉంది. పిల్ల ఏడుపు మళ్లీ మొదలైంది. ప్రొఫెసర్ పార్థసారథి సారు తన గదిలోంచి తల బయటపెట్టి, "ఏమిటీ గోల?" అన్నాడు.

"పిల్ల కన్ను చదువు నేర్చుకుంటున్నది సారూ. జర ఓర్చుకోవాలె," అంది ఈరమ్మ.

ఆయన తలుపు వేసుకున్నాడు.

ఊడ్చే ముందు నేల మీద పడ్డ జెమ్‌క్లిప్పులు, రబ్బరు బ్యాండ్లు ఏరి నా టేబుల్ మీద పెట్టడం ఈరమ్మ అలవాటు. గుండుసూదులు తనే ఏరుకుని, మిగతా పని పిల్లకు అప్పజెప్పింది. మొదటి రోజు నవనీత నేలంతా తడిమి తడిమి ఒక్క క్లిప్పు పట్టుకుంది. పక్కనే ఇంకోటి ఉంది. నేను చూపించబోతే ఈరమ్మ కసిరింది. "నీకు కనబడుడు కాదు, దానికి కనబడాలె!"

బస్టాపులో సలహాలిచ్చేవాళ్లకు కూడా జవాబు దొరికింది. "మంచి కన్నును పండవెట్టినం. రెండోది ఇన్నేండ్లు సోమరిగ కూసున్నది, ఇప్పుడు పని చేస్తది."

నేనూ ఊరుకోలేదు. కావాలనే క్లిప్పులు నేల మీద చల్లేదాన్ని. యూనివర్సిటీ సొమ్మును అంత ఇష్టంగా ఎప్పుడూ పారబోయలేదు. వానలు పడేనాటికి పిల్ల గుప్పెడు క్లిప్పులు తెచ్చేది. చలికాలంలో ఒకరోజు గుమ్మంలోనే నిలబడి, "ఆంటీ, బీరువా కింద రబ్బరు ఉన్నది," అంది. వంగి చూస్తే నిజంగానే ఉంది. ఈరమ్మ పక్కకు తిరిగి కొంగుతో ముఖం తుడుచుకుంది.

ఈ ఏడాది మళ్లీ పరీక్ష. కుడి కన్ను మూశారు. మొదటి వరుస చెప్పింది. రెండు, మూడు, నాలుగు కూడా గడగడా చెప్పేసింది. అయిదో వరుసలో కాస్త తడబడినా చెప్పింది. ఆరోదాని దగ్గర ఆగింది.

"పట్టీ ఇంకా కొన్నాళ్లు ఉండాల్సిందే. కానీ ఈ కన్ను చూడటం నేర్చుకుంది," అన్నాడు డాక్టర్. "ఎవరమ్మా, ఇంత ఓపిగ్గా చేయించింది?"

ఈరమ్మ తలుపు దగ్గరే, చెప్పులు విడిచిన చోట నిలబడి ఉంది. రజిని వెనక్కి తిరిగింది.

"మా అత్తమ్మ చేయించింది సార్," అని, తను కూర్చున్న కుర్చీలోంచి లేచింది. "అత్తమ్మా, గాడ నిలబడ్డవేంది? గీడికొచ్చి కూసో."

చదువుకున్న ఏ సారు ముందూ కుర్చీలో కూర్చోవడం నేనెన్నడూ చూడని మనిషి, వచ్చి డాక్టరుకు ఎదురుగా దర్జాగా కూర్చుంది. పిల్లను ఒళ్లోకి లాక్కుని అడిగింది:

"చెప్పు సారూ, ఇగ రోజుకెన్ని గంటలు పెట్టాలె?"